ఎగువలో ఆగిన బండి

ఈ ఉదయం నా వేళ్లకు పెట్రోలు వాసన అంటుకుంది. రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. మా మనవరాలు శైలజకు వచ్చే సోమవారం స్కూటరు లైసెన్సు పరీక్ష. అభ్యాసానికని బయలుదేరి, వీధి చివర బండి ఆగిపోతే తోసుకుంటూ తిరిగొచ్చింది. పక్కింటివాళ్లే ఏదో చేసివుంటారని గుమ్మంలోనే తేల్చేసింది. ఆ అనుమానపు గుణం దానికి నా నుంచే వచ్చింది కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. అది రుసరుసలాడుతూ లోపలికి పోయాక వేళ్లు మళ్లీ వాసన చూసుకున్నాను. మస్తానన్న గుర్తొచ్చాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు చిత్తూరు పశువుల ఆసుపత్రిలో నాకు కాంపౌండరు ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే సగమే వచ్చింది. పలమనేరు వైపు పల్లెలన్నీ తిరిగి పశువులకు సూదులు వేయాలి. అందుకోసం మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత మోటారు సైకిలు ఒకటి ఆసుపత్రికి కొన్నారు. నెల లోపల నేను దాని లైసెన్సు తెచ్చుకోవాలి, లేకపోతే జాబితాలో నా తర్వాతివాడికి ఉద్యోగం ఇచ్చేస్తారు. మా నాయన అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నాడు. నాకు మామూలు సైకిలు తొక్కడం తప్ప మరేమీ తెలియదు. నేర్పమని మా డాక్టరుగారు మస్తానన్నను అడిగారు. బర్మా సరిహద్దులో మోటారు సైకిలు మీద పటాలం ఉత్తరాలు మోసి, ప్రాణాలతో తిరిగొచ్చి, బస్సుల దగ్గర మెకానిక్కు పని చేసుకుంటున్న మనిషి. నలభై దాటాయి. మాట తక్కువ, బీడీ ఎక్కువ.

మొదటి వారం ఇంజనే వేయనివ్వలేదు. పోలీసు మైదానం చుట్టూ ఆ ఇనుప దున్నపోతును తోయించాడు. రెండో వారం పలమనేరు రోడ్డు మీద ఒక ఎద్దుబండి వెనకాల నడపమన్నాడు, దాన్ని దాటకూడదు, కాలు నేలకు ఆనకూడదు. మిలిటరీలో గాలిలా పోయినవాడు నన్ను ఎద్దుల వెనక పేడ వాసన పీల్చమనడం ఏమిటని అడిగితే, "ఉరికేది ఎవురైనా ఉరుకుతారబ్బీ, నిదానంగా పొయ్యేదే కష్టం" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. కావాలనే కాలం గడుపుతున్నాడని అనిపించింది.

ఆ అనిపించడానికి కాళ్లొచ్చింది కాఫీ హోటల్లో. జాబితాలో నా తర్వాతి పేరు ఎవరిదో తెలుసా అని హోటలాయన గొంతు తగ్గించి అడిగాడు. తెలియదన్నాను. మస్తానన్న బావమరిదిదట. చేతిలోని కాఫీ చల్లారిపోయింది. కంచే చేను మేస్తుంటే నేను తెలివితక్కువగా కంచెకు దండాలు పెడుతున్నానన్నమాట.

ఇక ఆనాటి నుంచి ఆయన బీడీ వెలిగించినా అందులో నాకు కుట్రే కనిపించింది. దానికి తోడు బండి రోజూ ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. ఒకరోజు ప్లగ్గు నిండా మసి, ఒకరోజు తీగ ఊడిపోవడం, మరోరోజు ట్యాంకు కింది పెట్రోలు కుళాయి మూసి ఉండటం. ఆయన మాత్రం రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, "యాడ ఆగిందో నువ్వే సూడు" అనేవాడు తప్ప చెయ్యి వేసేవాడు కాదు. ఒక పొద్దున ఆయన చెప్పిన వేళకంటే ముందే బస్సుల షెడ్డుకు పోయాను. మస్తానన్న బండి పక్కన గొంతుకూర్చుని స్పానరుతో ఏదో వదులు చేస్తున్నాడు. నన్ను చూసి తడబడలేదు. అదీ నాకు దొంగతనం ముదిరిన లక్షణంగానే తోచింది.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఇక ఆగలేకపోయాను. పది మంది మెకానిక్కుల ముందు అడిగేశాను. "ఇదంతా మీ బావమరిది కోసరమే గదా మస్తానన్నా?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "రేప్పొద్దున ఏడుకి రా" అని మాత్రం అన్నాడు. కాదని అనలేదు కదా, అదే సాక్ష్యం అనుకున్నాను. రాత్రి బండికి ఇంకేమైనా చేస్తాడని, ఆయన చూస్తుండగానే ప్లగ్గు విప్పి జేబులో వేసుకుని ఇంటికి పోయాను. ఆ విప్పడం నేర్పింది కూడా ఆయనే. మర్నాడు నేను తెచ్చిన ప్లగ్గును అందుకుని, ఉప్పుకాగితంతో రుద్ది బిగించి, పరీక్ష జరిగే పోలీసు మైదానానికి నా వెంట వచ్చాడు.

లైసెన్సు పరీక్ష పెట్టే అధికారిని మావైపు బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల మీదున్న నా కాగితాలు తెమ్మన్నాడు. తెచ్చాను. మైదానం పక్కన రోడ్డు మిట్టకెక్కే ఎగువ ఎక్కి, పైన తిరిగి రమ్మన్నాడు. సగం ఎగువ ఎక్కానో లేదో ఇంజను దగ్గి ఆగిపోయింది. వెనక రెండు ఎద్దుబండ్లు. ఉద్యోగం, మా నాయన ముఖం, అన్నీ కళ్లముందు తిరిగాయి. కానీ నా చెయ్యి నన్ను అడగలేదు. బ్రేకు పట్టుకునే ట్యాంకు కిందికి పోయింది. కుళాయి మూసి ఉంది. తిప్పాను, తన్నాను, ఎక్కాను, పైన తిరిగి వచ్చాను.

దిగీ దిగగానే మస్తానన్నను చూపించి, నా బండిని చెడగొట్టింది ఈయనే అని ఇన్‌స్పెక్టరుతో చెప్పేశాను. ఆయన తల ఎత్తకుండా కాగితం మీద సంతకం పెడుతూ, "కుళాయి మూసింది నేనప్పా. అందరికీ మూస్తా. ఎగువలో బండి ఆగితే దిక్కులు సూసేవానికి కాగితమియ్యను" అన్నాడు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ భూతాన్ని నేను ఇరవై రోజులు భుజాన మోసి, ఇద్దరి ముందు దించాను. సిగ్గుతో చచ్చిపోయాను. బండి తోసుకుంటూ మైదానం దాటాను. ఇన్‌స్పెక్టరు ఇలా చేస్తాడని ముందే తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదని చివరికి మస్తానన్నను అడిగాను.

"సెప్పింటే కుళాయి ఒకటే సూసేవాడివి. అందుకే దినానికొకటి నేనే సెడగొడతా వచ్చినా. రేపు మొగిలి అడవిలో ఇంగోటి ఆగిపోతాది. ఆడ నేనుండను."

"మరి మీ బావమరిది..."

మస్తానన్న బీడీ వెలిగించుకున్నాడు. "వానికి రావల్లనే దర్గాలో మొక్కినా. నీది పోతే బాగుండునని నిన్న గూడా అనుకున్నా. దాపరికమేముండాది? అయితే నీకు నేర్పిస్తానని ఒప్పుకున్నా గదబ్బీ."

నా అనుమానం సగం నిజమే మరి. ఆ మనిషి నా ఓటమిని కోరుకున్నాడు. కోరుకుంటూనే, ఏ ఎగువలోనూ ఓడిపోకుండా నా చేతిని తయారుచేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ రోడ్లమీద తిరిగాను, నాకు మంచి కోరినవాళ్లు బోలెడుమంది తారసపడ్డారు. ఆయనంత మేలు చేసినవాళ్లు లేరు. క్షమించమని ఆరోజే అడగాల్సింది. బండి తుడవడానికి సాయం పట్టి ఊరుకున్నాను.

ఇందాక శైలజ మళ్లీ వచ్చి స్కూటరు పక్కన కూర్చుంది. ప్లగ్గు చూసింది, తీగలు చూసింది, పక్కింటివైపు కూడా ఒక చూపు చూసింది. చివరికి దాని చెయ్యి కుళాయి మీద పడింది. "దీన్ని ఎవరు మూశారు తాతా?" అంది. నేను నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.