గురవమ్మకు చెప్పవలసిన మాట

అరబ్బు దేశంలోని అల్ ఖౌద్‌లో ఖతీజా మేడమ్ ఇంట్లో పనివాళ్ళందరిలోకీ సువార్తమ్మే పాతది. గోదావరి జిల్లా మనిషి. వంట ఆమెదే, తాళాలు ఆమె దగ్గరే. అన్నింటికీ మించి మేడమ్ కూతురు, పసిపిల్ల బిల్కీస్ ఆమె చేతుల్లోనే పెరిగింది. ఆ పిల్ల పగలంతా తల్లితో అరబ్బీలో కబుర్లు చెప్పినా, నిద్ర ముంచుకొచ్చేసరికి "అమ్మమ్మా, జో" అని తెలుగులో మారాం చేసేది.

ఆ ఇంటికి కడప వైపు నుంచి గురవమ్మ కొత్తగా వచ్చింది. బట్టలు ఉతకడం, ఇల్లు తుడవడం ఆమె పని. ఎదురు చెప్పే మనిషి కాదు. సువార్తమ్మను నోరారా అక్కా అని పిలిచేది.

ఒక సాయంత్రం పిల్లను చూస్తూ ఉండాల్సిన సువార్తమ్మ వంటింట్లోకి వెళ్ళి, ఊళ్ళో చెల్లెలితో ఫోన్లో మాటల్లో పడింది. బిల్కీస్ మెట్ల మీది నుంచి దొర్లి కింద పడింది. నుదురు చిట్లి రక్తం కారుతోంది. ఖతీజా పరుగున వచ్చి, పిల్ల దగ్గర ఎవరున్నారని అడిగింది. సువార్తమ్మ అబద్ధమాడాలని అనుకోలేదు. భయంతో నోరు తెరిచింది, గురవమ్మ పేరు వచ్చేసింది.

గురవమ్మ అప్పుడు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. కేకలు విని తడి చేతులతోనే కిందికి దిగింది. ఆమెకు అరబ్బీ రాదు, హిందీ అంతంత మాత్రం. తన మీద ఏ నేరం పడిందో పూర్తిగా అర్థమయ్యేలోపే, మేడమ్ ఫోన్ చేస్తే, ఆమెను పనికి కుదిర్చిన ఆఫీసు వాళ్ళ కారు వచ్చి గేటు ముందు ఆగింది.

"అక్కా, నువ్వన్నా జెప్పు," అంది గురవమ్మ.

సువార్తమ్మ పిల్ల నుదుటి మీద గుడ్డ అదిమి పట్టుకుని ఉంది. తలెత్తలేదు.

ఆ తరువాతి శుక్రవారం ఘుబ్రా పేటలో తెలుగువాళ్ళ ప్రార్థనకు వెళ్ళి మోకాళ్ళ మీద పడి భోరుమంది. తాను పాపినని అంది. ఏ పాపమో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పాస్టరుగారు తల మీద చెయ్యి వేసి ప్రార్థించారు. గుండెల మీద బరువు దిగిపోయినట్టయింది. దేవుడు తనను క్షమించాడని వారం వారం సాక్ష్యం చెప్పింది, అందరికంటే గట్టిగా పాడింది. ఇంట్లో బిల్కీస్ నుదుటి మీది మచ్చకు నూనె రాసేటప్పుడు మాత్రం చూపు పక్కకు తిప్పుకునేది.

పక్క వీధిలో పనిచేస్తూ ప్రార్థనకూ వచ్చే కరీంనగర్ పిల్ల సంధ్య ఒకరోజు గేటు దగ్గర ఆపింది.

"గురవమ్మ యాదికుందా అక్కా? దూరంగ ఇబ్రా ఊర్ల ఎవరింట్లనో పెట్టిన్రట. కిటికీలు తుడుస్తుంటే నిచ్చెన మీదికెళ్లి పడ్డది. చెయ్యి ఇరిగింది, సక్కగ అతకలే. ఇప్పుడు ఇక్కడనే, ఆఫీసోళ్ల రూమ్‌ల పడేసిన్రు. ఇంటికి పంపిస్తరట."

ఆ వారం ప్రార్థనలో సువార్తమ్మ పాట ఎత్తుకోలేదు. అందరూ వెళ్ళాక పాస్టరుగారికి జరిగిందంతా చెప్పేసింది.

"ఈ మాట ఆ అమ్మాయితో అన్నావా?" అని అడిగారాయన.

"లేదండి."

"మరి దేవుడు క్షమించాడని ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పావమ్మా?"

ఇంటికి వచ్చి ముందుగా ఖతీజా దగ్గర నిలబడి, వచ్చీరాని అరబ్బీలో నిజం చెప్పింది. ఖతీజా కేకలెయ్యలేదు. "నా బిడ్డను నీ చేతుల్లో పెట్టాను," అని మాత్రం అంది. ఆఫీసుకు ఫోన్ చేసి గురవమ్మను తిరిగి తీసుకుంటానంది. పనికి పనికిరాదు, ఇంటికి పంపే కాగితాలు కూడా అయిపోయాయి అన్నారు వాళ్ళు. మరునాటి నుంచి పిల్ల కోసం వేరే మనిషి వచ్చింది. సువార్తమ్మ మేడ ఎక్కకూడదు, పిల్లను ముట్టుకోకూడదు. బిల్కీస్ వంటింటి తలుపు తడుతూ "అమ్మమ్మా" అని ఏడుస్తుంటే, లోపల సువార్తమ్మ పిండిలో చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడేది.

శుక్రవారం గురవమ్మను వెతుక్కుంటూ వెళ్ళింది. ఇరుకు గదిలో వరసగా మంచాలు. గురవమ్మ చివరి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మోచెయ్యి వంకరగా అతుక్కుంది.

"గురవమ్మా, ఆ రోజు పిల్లని చూడాల్సింది నేనే. నీ పేరు చెప్పేసింది కూడా నేనే. మేడమ్‌కి చెప్పేసానమ్మా."

"నాకు తెల్సు. కారెక్కిన పొద్దే తెల్సు."

"నన్ను క్షమించమ్మా."

గురవమ్మ ఇటు తిరిగింది. "మీ దేవుడు క్షమించినాడంట గదక్కా. సంధ్య జెప్పింది. ఇంగ నాతో ఏం పని నీకు? కూలికి పోయే చెయ్యి ఇది. ఇంగ పైకి లేయదంట. నువ్వు వచ్చింది నా కోసమా, నీ మనసు కోసమా?"

గురవమ్మ జుట్టు చిక్కులు పడి జడలు కట్టింది. ఒంటి చేత్తో ఎట్లా దువ్వుకుంటుంది? సువార్తమ్మ మంచం అంచున కూర్చుని, సంచిలోంచి దువ్వెన తీసి, కింది నుంచి మెల్లగా చిక్కు తీయసాగింది.

అప్పటి నుంచి శుక్రవారాలు ఆ గదిలోనే గడిచాయి. అన్నం, చేపల పులుసు పట్టుకెళ్ళేది. బట్టలు ఉతికేది, తల రుద్ది స్నానం చేయించేది. గురవమ్మ ఒక్కోసారి తినేది, ఒక్కోసారి గిన్నె పక్కమంచం ఆమె వైపు నెట్టేసేది. ఎప్పుడైనా జుట్టు లాగినప్పుడు "మెల్లగా" అనేది. ఆ ఒక్క మాటే.

ఒక శుక్రవారం వెళ్ళేసరికి చివరి మంచం మీద పరుపు చుట్టి ఉంది. తెల్లారే ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయారని పక్కమంచం ఆమె హిందీలో చెప్పింది.

"నాకేమైనా చెప్పమందా?"

ఆమె లేదన్నట్టు తలూపింది.

సంధ్య ఎలాగో గురవమ్మ ఊరి నంబరు సంపాదించి ఇచ్చింది. సువార్తమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అవతల ఎత్తేవాళ్ళు, ఆమె గొంతు వినగానే పెట్టేసేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ నంబరు పని చెయ్యడం మానేసింది.

ఇప్పుడామె సాక్ష్యం చెప్పదు. పాస్టరుగారు పిలిచినా వెనక వరసలో తల వంచుకుని కూర్చుంటుంది. ప్రార్థన అవగానే అన్నం గిన్నెతో ఆ ఆఫీసు గదికి వెళుతుంది. వెళ్ళొచ్చాక మనసు కుదుటపడుతుందా అని సంధ్య ఒకసారి అడిగింది.

"లేదమ్మాయ్," అంది సువార్తమ్మ. "అక్కడ ఎవరో ఒకరు పడి ఉంటారు కదా."