మొదటి గుక్క మా నాన్నది

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లవారడమంటే రోకటి చప్పుడే. మేక వెంట్రుకలతో నేసిన గుడారం సందుల్లోంచి వెలుగు సన్నగా రాలుతుండేది. ఆడవాళ్ళ వైపుకి అడ్డంగా కట్టిన తెర అవతల మా నాన్న ముఫ్లిహ్ వేయించిన కాఫీ గింజల్ని చెక్కరోట్లో పోసి దంచేవాడు. ఊరికే దంచడం కాదు. రెండు దెబ్బలు గింజల మీద, ఒకటి రోటి అంచు మీద. ఆ చప్పుడు విని మా ఎడారి లోయలో వాళ్ళంతా చెప్పులేసుకుని మా గుడారానికి బయల్దేరేవాళ్ళు. వేరే పిలుపు అక్కర్లేదు. కాసేపటికి ఏలకుల వాసన వచ్చేది. సగం నిద్రలో నేను ఆ వాసనలో తేలిపోతూ, ఇది కలా నిజమా అని కూడా ఆలోచించకుండా పడుకునేదాన్ని. అంత హాయి మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నాన్నకి కొడుకుల్లేరు, నేనొక్కదాన్నే. మంద కూడా చిన్నదే. ఉన్న గర్వమంతా కాఫీ కాచే ఇత్తడి కూజాలోనే పెట్టుకున్నాడు. తలనొప్పి అంటే కాఫీ, కడుపు బరువుగా ఉందంటే కాఫీ, మనసు బాగోలేదంటే ఇంకో కప్పు.

"కాఫీ తాగేవాడికి డాక్టరెందుకే?" అనేవాడు మా అమ్మ షమ్మాతో.

చివరికి ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాల్సి వచ్చింది. కరక్ పట్నం ఆసుపత్రిలో ఆయన నాన్న ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె లయ తప్పుతోందనీ, కాఫీ కొందరికి మంచే చేసినా ఈ గుండెకి మాత్రం పడదనీ, ఇక ముట్టుకోవద్దనీ చెప్పాడు. "ఇన్నేళ్ళూ నా గుండెని పెంచింది ఆ కాఫీయే కదయ్యా!" అని నాన్న ఆయనతో వాదన పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక మా కళ్ళుగప్పి ఒక కప్పు తాగి, పొయ్యి పక్కనే కుప్పకూలాడు. అమ్మ ఆయన ముఖం మీద నీళ్ళు చల్లి లేపింది. ఆ తర్వాత ఆయన తాగలేదు. దంచడం మాత్రం మానలేదు. వాసన చూసే పాకం చెప్పేవాడు.

అయితే మాలో ఇంటాయన మొదటి కప్పు తాను తాగి చూపించాకే అతిథికి పోస్తాడు. ఇందులో ఏమీ కలపలేదు, నిశ్చింతగా తాగు అని దాని అర్థం. రోజూ వచ్చే ఇరుగుపొరుగుకి నాన్న సంగతి తెలుసు, పట్టించుకునేవాళ్ళు కాదు. హాయెల్ పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చినప్పుడే అసలు చిక్కు వచ్చిపడింది.

ఒకప్పుడు హాయెల్, నాన్న ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఒక ఎండాకాలం హాయెల్ మనుషులు బావి దగ్గర మా మేకల్ని వెనక్కి తోలారు. దాహంతో సగం మంద చచ్చింది. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆ పేరెత్తితే నిప్పులే. నా ఖర్మ కొద్దీ నాకు నచ్చినవాడు హాయెల్ కొడుకు ఫందీ. వానలు పడిన ఏడాది పచ్చిక కోసం మందలు కలిసినప్పుడు చూశాను. ఆ నవ్వు కళ్ళు మూసుకున్నా కనబడేది.

పెళ్ళి అడగడానికి వచ్చినవాళ్ళు తమ కప్పు తాగకుండా ముందు పెట్టుకుని కూర్చుంటారు. అడిగింది ఇస్తామనేదాకా తాగరు. తాగని కప్పుతో అతిథిని పంపడం ఏ ఇంటికైనా తలవంపులే. హాయెల్ ఆ బలం నమ్ముకునే వచ్చాడు. నేను తెర వెనక నిలబడి సందులోంచి చూస్తున్నాను.

నాన్న కూజా కోసం తెర దగ్గరికి వచ్చాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుంది.

"తాగకయ్యా. నువ్వు తాగకపోతే వాళ్ళే అనుమానపడి లేచిపోతారు. ఎలాగూ కాదనేదేగా!"

"కాదంటాను. అది వేరే సంగతి," అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "కానీ నా గుడారంలో కూర్చున్నవాణ్ణి భయపెట్టి పంపమంటావా? అంత దిగజారానా?"

నాకు ఏడుపొచ్చింది. నాన్నా వద్దు అనాలని ఉంది. అంటే ఫందీ పోతాడు. అనకపోతే నాన్నే పోతాడేమో. 

మధ్యాహ్నపు ఎండ గుడారంలో పసుపుపచ్చగా నిండిపోయింది. నాన్న ఎడమచేత్తో కూజా వంచి, కుడిచేతిలోని పిడిలేని చిన్న కప్పులో కొంచెం పోసుకున్నాడు. ఆవిరి మెలికలు తిరుగుతూ లేచింది.  ఆ క్షణం అలాగే ఆగిపోతే బావుండుననిపించింది. కప్పు పెదాల దాకా వెళ్ళింది.

హాయెల్ ముందుకు వంగి నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా ముఫ్లిహ్. నువ్వు కరక్‌లో ఎవరి దగ్గరికి వెళ్ళొచ్చావో నాకు తెలియదనుకున్నావా?"

"తెలిస్తే నీకేం? వదులు."

"చస్తావురా మూర్ఖుడా! నీ కాఫీలో విషముందని అనుకుంటే నీ గడపలోకి వస్తానా?" అంటూ ఆ కప్పు లాక్కుని తానే తాగేశాడు.

వెంట వచ్చిన పెద్దమనుషులు ఉలిక్కిపడ్డారు. ఒకాయన తల పట్టుకుని, "అడక్కముందే తాగేశావేమయ్యా! ఇంకేం మొహం పెట్టుకుని అడుగుతాం?" అన్నాడు.

హాయెల్ ఖాళీ కప్పుని ఇటూ అటూ ఊపి, ఇక చాలన్నట్టు తిరిగిచ్చాడు. "ఏం అడగనులే," అని లేవబోయాడు.

నాన్న ఆ కప్పు కింద పెట్టి హాయెల్ చెయ్యి పట్టుకున్నాడు. 

"కూర్చో అన్నా," అన్నాడు. "నువ్వు అడగకు. నేనే ఇస్తాను." తర్వాత తెరవైపు తిరిగాడు. "వద్‌హా! ఫందీ అంటే నీకిష్టమేనామ్మా?"

అలా అడిగినప్పుడు మాలో ఆడపిల్లలు తల వంచుకుని ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే ఒప్పుకోవడం. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది కూడా. అప్పటికే నాన్న సంతోషం పట్టలేక తన కోసం కూజా వంచుతున్నాడు.

"ఇష్టమే నాన్నా!" లోయంతా వినబడేలా అరిచాను. "నువ్వు మాత్రం అది తాగకు!"