మగ్గం ఆగిన రోజు కొలతలు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మహాదేవి గురించి ఒక మాట తిరుగుతుండేది. "ఆ డాక్టరమ్మ సీటు కోసరం మన ఊపిరి రాసుకుంటాంది. ఫారం పంపినాక ఈ వీధి మొగం గూడ సూడదు," అని కొళాయి దగ్గర సావిత్రమ్మ అంటే, బిందెలు పట్టుకున్నవాళ్ళంతా నవ్వారు.

సీటు మాట నిజమే. కౌతాళం దగ్గర పత్తి చేలల్లో కూలికి పోయే ఇంట్లో పుట్టి డాక్టరైన మహాదేవికి, బెంగళూరులో డాక్టర్లకు పరిశోధన నేర్పే శిక్షణలో చేరాలని ఆశ. చదువు ముగిసిన మూడేళ్ళలోపే దరఖాస్తు పెట్టాలి. ఆమెకిది మూడో ఏడు. పరిశోధనలో సొంతంగా ఏం చేశావో ఫారంలో చూపించాలి. అందుకే సెలవున్న ప్రతి ఆదివారం, తాను పనిచేసే ఆదోని నుంచి బస్సెక్కి వచ్చి, నేతగాళ్ళ చేత ఒక గొట్టంలోకి ఊదించేది. పొద్దున మగ్గం ఎక్కకముందు ఒకసారి, సాయంత్రం దిగాక ఒకసారి. నూలు దుమ్ముకు పగలంతా ఊపిరి ఎంత తగ్గుతుందో చూడాలని. అరవై ఒక్క పేర్లయ్యాయి.

ఫారం పంపడానికి ఆ రోజు సాయంత్రం ఐదు గంటల వరకే గడువు. ఆ మధ్యాహ్నం నేతగాడు తిమ్మయ్య ఇంటి అరుగు మీద ఆమె కుదురుగా కూర్చోలేకపోతోంది. నోటుబుక్కు తెరుస్తుంది, మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. ఒకే ఆదివారం ఊదిన ఇరవై రెండు మందికి పొద్దుటికీ సాయంత్రానికీ తేడాయే లేదు.

"సిన్నాయనా, పోయిన నెల మూడో ఆదివారం మగ్గం మీద ఎంతసేపు కూసున్యావు?"

తిమ్మయ్య చేతిలోని నూలు కండె నుంచి చూపు తిప్పలేదు. "ఆ పొద్దు అమాస గదమ్మా. అమాసకు మేము మగ్గం ముట్టం."

"మరి సెప్పలేదేమి?"

"ఊదమంటివి, ఊదితిమి. నేసినారా అని అడగలేదు గదా."

లోపలి నుంచి ఆయన భార్య భీమక్క అందుకుంది. "టెంకాయ కొట్టి తీరుబడిగా కూసున్నోళ్ళ నోట్లో గొట్టం పెడితివి. డాక్టర్లకు క్యాలెండరు ఉండదేమోలే అనుకుంటిమి!"

మహాదేవికి నవ్వు రాలేదు. ఆమె వచ్చే వేళల్లో మగ్గం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పగలంతా బస్టాండు దగ్గర తెలిసినవాళ్ళింట్లో గడిపే మనిషికి అనుమానం ఎలా వస్తుంది? వీధిలోకి వచ్చి, తనతో చదివిన సంయుక్తకు ఫోన్ చేసింది.

"అరవై ఒకటనే రాయి మహా. ఎవరొచ్చి అడుగుతారు, మీ తిమ్మయ్యా?"

"తీసేస్తే ముప్పై తొమ్మిదే."

"పోయినసారి నలభై చూపిస్తేనే నన్ను చాలదన్నారు. గంట కూడా లేదు. తిక్క పనులు చెయ్యాకు."

వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచింది. ఫోన్లో ఫారం తెరిచి అరవై ఒకటని రాసింది, చెరిపింది. చివరికి ముప్పై తొమ్మిదని పెట్టి కింద ఇలా రాసింది: "ఇరవై రెండు కొలతలు మగ్గాలు ఆగిన రోజున తీశాను. వీళ్ళకు ఆ రోజు సెలవని అడిగి తెలుసుకోలేదు. తప్పు నాది. వాటిని తీసేశాను." అనుభవం రాయమన్న చోట నేరం ఒప్పుకున్నట్టుంది. ఐదుకు ఎనిమిది నిమిషాలు ఉందనగా పంపేసింది.

తర్వాతి ఆదివారం మహాదేవి ఆ ఇరవై రెండు ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళింది. గొట్టం బయటికి తీసేముందు, ఈ పొద్దు మగ్గం ఎక్కుతారా అని ప్రతి ఇంట్లో అడిగింది. ఆ కొలతలను ఫారంలో చేర్చే వీలు అప్పటికే లేదు.