తిన్నెలు తీసేసిన వీధి

మా వీధి చివరింటి అవ్వ పోయిన మంగళవారం చనిపోయింది. "పెద్ద వయసు, మంచి చావు" అని అందరూ అన్నారు. వింటే నాకు ఒళ్లు మండింది. ఎనిమిది నెలలు ఆమెను ఇంట్లో కట్టిపడేసినవాళ్లమే ఆ మాట అన్నాం.

కోయంబత్తూరులో మాది పాత తెలుగువాళ్ల వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ప్రతి ఇంటి ముందూ ఒక తిన్నె, అంటే కూర్చునే అరుగు, ఉండేది. దాని మీద ఎవరు కూర్చున్నా ఎందుకని అడగకూడదు, లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇవ్వాలి. అది మా వీధి మర్యాద.

అవ్వ ఆ తిన్నెల మీద ఆధారపడే నడిచేది. రెండు వీధుల అవతల ఆమె చెల్లెలి ఇల్లు. చెల్లెలికి చూపు దాదాపు పోయింది, మోకాళ్లు సరిగ్గా పనిచేయవు. రోజూ సాయంత్రం అవ్వ చిన్న గిన్నెలో ఉలవల రసం పోసుకుని బయలుదేరేది. దారిలో నాలుగు తిన్నెల మీద ఆగేది. మా తిన్నె మీద ఎక్కువసేపు కూర్చునేది, మా అమ్మను ఆటపట్టించాలి కదా.

"ఏమే కణ్ణు, నీ కాపీలో పాలు యాడుండాయో టార్చి పెట్టి ఎతకాల!" అనేది. అదే కాఫీ మళ్లీ అడిగి తాగేది. మా అమ్మ మిల్లు షిఫ్టుకు పోయిన రోజుల్లో నాకు అన్నం పెట్టింది ఆ అవ్వే. నన్ను సామీ అనేది. మా వైపు చిన్నవాళ్లను ముద్దుగా అలాగే పిలుస్తారు. "నువ్వు ఆఫీసుకి పోతావు, నేను చెల్లి దెగ్గిరికి పోతా. రెండూ డ్యూటీనే సామీ" అనేది.

ఏడాది కిందట రోడ్డు బాగు చేస్తామని ఆఫీసర్లు వచ్చారు. తిన్నెలు కాలువకు అడ్డమట. అభ్యంతరం ఉంటే చెప్పమని అడిగారు కూడా. మగవాళ్లం పిళ్ళైయార్ గుడి దగ్గర కూడి పది నిమిషాల్లో సరే అన్నాం. కార్లు పెట్టుకోను చోటు దొరుకుతుందని. ముందుగా చెయ్యెత్తింది నేనే. అవ్వను ఎవరూ అడగలేదు.

తిన్నెలు పోయి మోకాలెత్తు నడకబాట వచ్చింది. గేట్ల ముందు ఏటవాలుగా సిమెంటు వేయించుకుని దాని మీదికి మా కార్లు ఎక్కించాం. "పెద్దలకు అనుకూలమైన వీధి" అని చేతికర్ర బొమ్మతో పచ్చ బోర్డు పెట్టారు. ప్రారంభోత్సవం రోజు అవ్వను ఇద్దరు ఎత్తి వేదిక మీద కూర్చోబెట్టారు, శాలువా కప్పారు, ఫోటో తీసుకున్నారు. ఫోటో అయ్యాక దింపే దిక్కు లేదు. నేను వెళ్లి దింపాను.

"ఏమిటికి అవ్వా వచ్చితివి?"

"తిన్నె మళ్లా కట్టండని చెప్పను వచ్చితి సామీ. మైకు ఇయ్యలే."

ఆ బోర్డు మీద ఉమ్మేయాలనిపిస్తుంది. ముందు నా మొహం మీద ఉమ్ముకోవాలి.

తర్వాత ఒకసారి చెల్లెలి ఇంటికి బయలుదేరి, సగం దారిలో ఆయాసం వచ్చి రోడ్డు మీదే కూర్చుంది. ఆటోవాడు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇక ఇల్లు కదల్లేదు. "పోన్లో దాని గొంతు వినపడతాది. మనిషి ఎట్ల ఇళిచి చిక్కిపోయిందో ఏమో, చూడాల సామీ" అనేది. నేను కారులో తీసుకెళ్తానని ఎన్నోసార్లు చెప్పాను. ఒక్కసారీ తీసుకెళ్లలేదు.

మంగళవారం నలుగురం వెళ్లి చెల్లెలిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చాం. అవ్వ బతికుండగా ఎవరికీ తట్టని ఉపాయం, చచ్చాక అందరికీ తట్టింది. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి చేతులు లాగి కుర్చీ దించాం. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు.

"నడుము పట్టుకుండాది, కొంచెం నిలబడతా" అని ఆమె లేచి ఆసరా కోసం పక్కకు చెయ్యి చాపింది. ఒకప్పుడు మా తిన్నె ఉండిన చోట ఆ చేతికి నా కారు తగిలింది. వెంటనే అలారం కూయడం మొదలైంది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎవరి కారో తెలియక అందరి వైపూ తిరిగి దండం పెట్టింది.

"తప్పైపోయింది సామీ, తెలీక తాకితిని."

నేను తాళం కోసం జేబులు వెతుక్కుంటున్నాను.