టోపీ మీద ఎండ

ఈ రోజు మధ్యాహ్నం మా బాపు నా పనిలో తప్పు పట్టాడు. కోపం రావాల్సింది. కానీ అప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు.

టేబుల్ మీద ఆడే ఆటల్లోని చిన్న బొమ్మలకు నేను రంగులు వేస్తుంటాను. ఈసారిది లాంతరు పట్టుకున్న ముసలి మాంత్రికుడు, బొటనవేలంత ఉంటాడు. లాంతరు వెలుగు నిజంగానే అతని గడ్డం మీద పడుతున్నట్టు కనిపించాలని పది రోజులు తిప్పలు పడ్డాను.

బాపు ఒకప్పుడు ఇబ్రహీంపట్నంలో దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చాక మానేశాడు. నా బొమ్మలను ఎన్నడూ పట్టించుకోని మనిషి ఇవాళ అద్దాలు పెట్టుకుని, మాంత్రికుణ్ణి కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు.

"లాంతరు నడుము కాడున్నది. టోపీ మీద గింత వెలుగెట్లొచ్చింది బిడ్డా? ఎండల నిలవడ్డడా ఈయన?"

నిజమే! అలవాటు కొద్దీ టోపీ కొసకు తెల్లటి మెరుపు పెట్టేశాను. దాన్ని ముదురు నీలంతో కప్పేశాను. టోపీ చీకట్లోకి పోగానే లాంతరు భగ్గున వెలిగినట్టయింది.

బాపు మళ్లీ చూశాడు. బాగుందనలేదు. నా కుంచెల్లో అన్నిటికంటే సన్నది తీసి చేతికిచ్చాడు.

"కింద మూలకు పేరు రాయి. పేరు వెట్టకుండ నేను ఒక్క బోర్డు గూడ ఇయ్యలే."

మాంత్రికుడు నిలబడిన దిమ్మె మీద బియ్యపు గింజంత జాగా ఉంది. అందులో నా పేరు రాశాను, దాని ముందు బాపు పేరులోని మొదటి అక్షరం కూడా.

మాంత్రికుడి ఫోటో ఇక్కడ పెడుతున్నాను, పెద్దది చేసి చూసి ఎలా ఉందో చెప్పండి. తప్పు పట్టాలనుకునేవాళ్లు మాత్రం ముందు బాపును దాటి రావాలి.