కుడి వైపు ముడి

ఆ పుస్తకం మీద నా పేరు ఉండాలి. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ పెన్ను కాగితంలోకి దిగబడుతుంది.

సికింద్రాబాద్‌లో ఒక చిన్న మ్యూజియంలో టైపిస్టుగా చేరాను. అక్కడ అన్నీ మనుషుల బొమ్మలే. ఒక గదిలో పాతకాలం అమీర్లు, దొరలు. పక్క గదిలో ఇప్పటి చిత్రకారులు వేసిన టీచర్లు, రిక్షావాళ్లు. కేటలాగు వేద్దామనుకున్నప్పుడు ఒక్కో బొమ్మ ముందూ స్టూలు వేసుకుని కూర్చుని వివరాలన్నీ రాసింది నేను. మా ఆఫీసరు పైగదిలోంచి కదలలేదు. ప్రూఫులు వచ్చాక చూస్తే రచయితగా ఆయన పేరొక్కటే ఉంది.

నాకు నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. అయినా అందరి ముందే నా పేరేదని అడిగాను.

"టైప్ కొట్టినోళ్ల పేర్లు సుత ఏస్తరా అమ్మా? గట్లయితే చాయ్ దెచ్చినోని పేరు సుత ఏద్దాం," అన్నారాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆ వారమే ఆయన నేను రాసిన వాటిలో ఒక్క వివరం మార్చారు. అట్ట మీద వేసే బొమ్మది. పొడవాటి జామా తొడుక్కుని, గులాబీ పట్టుకున్న మనిషి. ఆ రోజుల్లో జామా ముడిని ముస్లింలు కుడి చంక కింద, హిందువులు ఎడమ చంక కింద కట్టుకునేవారు. పేరు తెలియని బొమ్మల్లో మేం మొదట చూసేది ఆ ముడినే. నేను ముస్లిం అమీరు అని రాశాను. అట్ట కోసం తీయించిన ఫొటోలో ముడి ఎడమ వైపుందని, ఆయన అది కొట్టేసి హిందూ దొర అని రాశారు.

ఎడమ నడుముకు ఉండాల్సిన కత్తి కూడా ఆ ఫొటోలో కుడి నడుముకు వేలాడుతోంది. స్టూడియోవాళ్లు నెగెటివ్‌ని తిరగేసి ప్రింటు తీశారు. మెట్లు దిగి గోడ మీది బొమ్మను చూస్తే ఆయనకూ తెలిసేది.

ఆఖరి ప్రూఫు నా చేతికే వచ్చింది. కామాలు కూడా వదలకుండా దిద్దాను. ఆ పేజీ మాత్రం ముట్టుకోలేదు. బొల్లారం బస్సులో ఒళ్లో డైరీ పెట్టుకుని రాశాను: "అలాగే పోనీ. అందరి ముందూ ఆయన తల వంచుకోవాలి."

వంచుకున్నారు. ఆవిష్కరణ రోజు సైనిక్‌పురి నుంచి వచ్చిన ఒక ముసలి ప్రొఫెసరు పుస్తకాన్ని ఆ బొమ్మ పక్కన ఎత్తి పట్టుకున్నారు.

"ఏందయ్యా, గోడ మీద ముస్లిం, పుస్తకంల హిందువు! కత్తి సుత పక్క మారింది. అద్దంల జూసి రాసినవా?"

హాలంతా నవ్వింది. ఎర్రబడిన ఆయన చెవులను తనివితీరా చూశాను.

డైరెక్టర్ మేడం ఫైలు తెమ్మంటే నా చేతిరాత కాగితం తెచ్చి ఇచ్చాను.

"ఇది నువ్వే రాశావా?"

"అవును మేడం. అన్నీ నేనే రాశాను."

"ప్రూఫు జూసింది నువ్వే గదా! చెప్పొద్దా?" అని ఆఫీసరు నా మీద విరుచుకుపడ్డారు.

"మీరు దిద్దినదాన్ని నేనెట్లా దిద్దుతాను సార్?"

మేడం ఆయన వైపు చూడలేదు. "సవరణ చీటీ నువ్వే రాయమ్మా. కింద నీ పేరు పెట్టు," అన్నారు.

చీటీలు అచ్చయి వచ్చాక ప్రతి కాపీలోనూ నేనే అంటించాను. ఎక్కడ అంటించాలో ఎవరూ చెప్పలేదు. మొదటి పేజీలో, సరిగ్గా ఆయన పేరు కింద అంటించాను. ఊడిరాకుండా నాలుగంచులకూ మైదా జిగురు దట్టంగా పట్టించాను.