ఊరికి వీపు పెట్టి కూర్చునే ఆవిడ

శేషారత్నం గారు ఇక లేరన్న కబురు నాకు ఎర్రగడ్డ మార్కెట్లో అందింది. రాబోయే సినిమా కోసం పాత గోనెసంచులు బేరమాడుతున్నాను. ఫోనులో ఆవిడ తమ్ముడు గారు "యాదగిరీ, అక్కయ్య పోయిందయ్యా. నిద్రలోనే పోయింది" అన్నారు. సంచులాయన మాత్రం "ఏమైందన్నా? తీస్కుంటవా, లేదా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఏం జవాబిచ్చానో గుర్తు లేదు. ముందు రోజు సాయంత్రం నన్ను చెడామడా తిట్టిన మనిషి ఆవిడ. "కొత్త సంచి తెచ్చి టీ డికాషన్లో ముంచితే పాతదైపోదు నాయనా, బియ్యం మోసిన సంచి పట్రా" అని చెప్పిన మనిషి. తెల్లారేసరికి ఎట్లా పోతుంది? నాకు ముందు కోపమే వచ్చింది. ఏడుపు ఇంటికి చేరాక వచ్చింది.

తెలుగు చలనచిత్ర కళాదర్శకత్వంలో ఆ మహనీయురాలి స్థానమేమిటో ఈ తరానికి విడమరచి చెప్పవలసి రావడం నాకు బాధగానే ఉంది. తెర మీద పేరు పడే క్షణానికి ప్రేక్షకులు ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. అందువల్ల ఆవిడ సృష్టి తెలిసినంతగా ఆవిడ తెలియదు. వీధులు కట్టారు, రేవులు కట్టారు, వాన వెలిసిన పెరళ్లు కట్టారు. ఆడది సుత్తి పట్టుకుని సెట్టు మీద నిలబడితే నవ్విన వాళ్లే తరువాత ఫిల్మ్‌నగర్ ఏటవాలు వీధిలో ఆవిడ గుమ్మం ముందు కార్లు ఆపుకుని ఎదురుచూశారు. వచ్చిన వాళ్లకు ముందు కాఫీ, తరువాత చీవాట్లు. ఆ వరుస ఎవరికోసమూ మారలేదు.

"పాత గోడ ఎవడైనా వేస్తాడు. ఆ గోడకి ఎవరు ఆనుకుని కూర్చునేవారో నీకు తెలియాలి" అనేవారు. ఆ తెలివిడి పుస్తకాలలో దొరకదని ఆవిడ గట్టి నమ్మకం. అందుకే ఆవిడ దగ్గర పనికి చేరిన ప్రతివాడికీ తొలి దీక్ష పసుపురేవు ప్రయాణం. గోదావరి ఒడ్డున చిన్న ఊరది. ఒక వీధి నిండా తోలుబొమ్మలు చేసేవాళ్లు, ఇంకో వీధిలో అద్దకం వాళ్లు, సత్రంలో రోజూ సాయంత్రం నాటకాల రిహార్సలు. ఆ ఊళ్లో ఏం చెయ్యాలో, ఏ వరుసలో చెయ్యాలో ఆవిడకొక శాస్త్రం ఉండేది.

ఊరికి వంతెన ఉన్నా సరే, మొదటిసారి వచ్చినవాడు పడవ మీదే వెళ్లాలి. కెమెరాలూ సెల్‌ఫోన్లూ ఆవిడ సంచిలోకి పోవాలి. పడవలో మమ్మల్ని ఊరికి ఎదురుగా కూర్చోబెట్టి, తాను ఊరికి వీపు పెట్టి మా వైపు తిరిగి కూర్చునేవారు. మోతీనగర్‌లో పుట్టి హుస్సేన్‌సాగర్ తప్ప మరో నీళ్లు ఎరగని నేను ఆ మెట్లనూ, ఇసుకలో ఆరేసిన ఎర్రబట్టలనూ నోరు తెరుచుకుని చూస్తున్నాను. "మేడం, మీరు గిటు తిరిగి కూసున్నరేంది? ఊరు గటుందిగదా!" అన్నాను. "ఊరు నాకు కొత్త కాదు నాయనా. దాన్ని మొదటిసారి చూసే మొహం కొత్తది. నేను అది చూసుకుంటున్నాను, నువ్వు ఊరు చూడు" అన్నారు.

దిగగానే రేవు పక్క హోటల్లో పెసరట్టు. అల్లం పచ్చడి ఇంత తియ్యగుందేమిటని నేను మొహం ముడిస్తే, "నీ కారం నాలుక మోతీనగర్లో వదిలేసి రావలసింది" అని దబాయించారు. తరువాత బొమ్మల వీధిలో సూరమ్మ అరుగు మీద కూర్చుని తోలుకు ఉలితో చిల్లులు కొట్టాలి. వచ్చిన రోజు ఏదీ కొనకూడదు. "చేతులు నొప్పి పుట్టాక కొను. అప్పుడు బేరమాడడానికి నోరు రాదు." పొద్దువాలే వేళ అద్దకం వాళ్లు బట్టలు పారే నీళ్లలో జాడిస్తుంటే మెట్ల మీద ఊరికే కూర్చోవాలి. చీకటి పడ్డాక సత్రంలో హార్మోనియం పక్కన కూర్చుని పద్యాలు ఆఖరి దాకా వినాలి. నేను కునికాను. తొడ మీద ఎంత గట్టిగా గిల్లారంటే ఆ రాగం నాకిప్పటికీ గుర్తుంది.

ఇంత ప్రేమించిన ఊళ్లోకి ఆవిడ ఏనాడూ ఒక్క షూటింగును కూడా రానివ్వలేదు. జూబ్లీహిల్స్ పెద్ద నిర్మాత ఒకాయన కాఫీ తాగుతూ "మేడం, ఆ ఊరెక్కడో చెప్పండి, యూనిట్‌తో దిగిపోదాం" అంటే, "చెప్పనండీ! మీరు దిగితే గోడలకి రంగులేస్తారు, రేవుకి అడ్డంగా తాళ్లు కడతారు. మీకు ఊరు కావాలా? ఇక్కడే కట్టిస్తాను, అది పాడుచేసుకోండి" అన్నారు. అన్నట్టే కట్టారు. సినిమా తరువాత సినిమాలో ప్రేక్షకులు మురిసిపోయిన ఆ రేవు పసుపురేవే. మాకందరికీ అదొక గర్వం.

నిరుడు ఎండాకాలం మేడంతో కలిసి సూరమ్మ అరుగు మీద కూర్చుని ఆ గర్వం కొద్దీ నోరు జారాను. "మా మేడం గిక్కడికి సినిమావోళ్ల నెవ్వర్నీ రానియ్యలే, తెలుసా పెద్దమ్మా?" అన్నాను. సూరమ్మ ఉలి ఆపింది.

"రానివ్వలేదా? ఎందుకమ్మా రత్నమ్మా?"

"పాడుచేస్తారని సూరమ్మా."

"పన్లేక మేం పాడైపోతన్నాం గదమ్మా, అదెవరు చూస్తారు? ఈ వీధిలో ఉలి పట్టేది నేనూ మా మరిదీ మిగిలాం. నలుగురొస్తే నాలుగు బొమ్మలడుగుదురు. మా ఊరేవన్నా నీ బీరువాలో పట్టుచీరా, కట్టకుండా దాచుకోడానికి? మమ్మల్ని ఓ మాటడిగావా?"

నాంపల్లిలో రైలు దిగాక మేడం ప్లాట్‌ఫారం మీదే ఆగి, "యాదగిరీ, ఇన్నేళ్లూ వాళ్ల అరుగులు చూశాను, గుమ్మాలు చూశాను. వాళ్లకేం కావాలో అడగలేదు. ఈ వయసులో సిగ్గుగా ఉందయ్యా" అన్నారు. ఆ కన్నీళ్లు నేను చూశాను.

తరువాతి సినిమా పసుపురేవులోనే తీయిస్తాననీ, బొమ్మలూ బట్టలూ తలుపులూ సమస్తం ఆ ఊరి చేతులే చేస్తాయనీ సూరమ్మకు మాటిచ్చారు. వెనుక ఊరి కోసం వద్దన్న నోటితోనే ఇప్పుడు ఊరి కోసం నిర్మాతను బతిమాలారు. మోకాళ్లు సహకరించకపోయినా ఆ జూబ్లీహిల్స్ ఆఫీసు మెట్లెక్కని వారం లేదు. చివరికి ఆయన సరేనన్నారు. గోదావరి వరద తగ్గగానే షూటింగు. అది తగ్గకముందే ఆవిడ వెళ్లిపోయారు.

పార్థివదేహం ఇంకా హాల్లోనే ఉంది. పూలదండల వాసన మధ్య నిర్మాత గారి మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, "యాదగిరి గారూ, మేడం లేరు కదా, ఆ ఊరి ప్రోగ్రాం క్యాన్సిల్ చేద్దామంటున్నారు సార్. డ్రాయింగ్స్ ఉన్నాయిగా, స్టూడియో ఫ్లోర్‌లో సెట్ వేసేద్దాం. సింపుల్" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఆవిడ ముందు గొంతు పెంచడం ఎన్నడూ ఎరగను గనుక ఆనాడూ పెంచలేదు.

పెద్దకర్మ నాడు సూరమ్మ మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. తెల్లబట్టల పెద్దల నడుమ ఓ మూల ఒదిగి కూర్చుంది. భోజనాలయ్యాక "మా రత్నమ్మ పనిచేసే చోటు ఓసారి చూపించు బాబూ" అని అడిగింది. స్టూడియోకి తీసుకెళ్లాను. ఆవిడ కట్టిన ఆఖరి సెట్టు ఇంకా విప్పలేదు. నీళ్లు లేని రేవు, మెట్లు, బొమ్మల వీధి. సూరమ్మ తన గుమ్మం తానే గుర్తుపట్టి తలుపు తట్టింది. ప్లైవుడ్ డొల్లగా మోగింది. అరుగు మీద కూర్చుంది. కాలం చేసిన ఆమె పెనిమిటి ఏళ్ల తరబడి కూర్చుని పనిచేసిన చోట ఊళ్లోని అసలు అరుగు కాస్త గుంటపడి ఉంటుంది. ప్లాస్టర్లో ఆ గుంటను కూడా మా మేడం వదల్లేదు. సూరమ్మ అందులో చెయ్యి పెట్టి నిమిరింది.

"ఎంత బాగా చూసుకుందయ్యా! ఆయన కూచున్న చోటు కూడా మర్చిపోలేదు" అని కొంగుతో కళ్లద్దుకుంది. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి, "అన్నీ ఉన్నాయి బాబూ. మేవే లేం" అంది.

అక్కడి నుంచి ఆమెను కారెక్కించి తిన్నగా నిర్మాత గారి ఆఫీసుకే పోయాను. "మేడం మాటిచ్చిండ్రు సార్. ఊళ్లో తీస్తే నేనుంట. సెట్టు మాత్రం నేను వెయ్య, ఇంకెవర్నన్న చూస్కోండ్రి" అన్నాను. ఆయన కనుబొమలు లేచాయి. అప్పుడు సూరమ్మ, "మీరే ఓసారి రండి బాబూ. చూసి నచ్చకపోతే వెళ్లిపోదురు గాని" అంది. ఆయన నా వంకా సూరమ్మ వంకా చూసి, "సరే, చూసి చెప్తాను" అన్నారు.

అమ్మా, శేషారత్నం గారూ! మీ చేతి కింద పెరిగిన మాకు మీ లోటు ఎవరూ తీర్చలేరు. మీ చీవాట్లు లేని సెట్టు మీద ఎలా నిలబడాలో నాకింకా చేతకావడం లేదు. గోదావరి వరద తగ్గింది, వచ్చే వారం నిర్మాత గారిని పసుపురేవుకు తీసుకెళ్తున్నాను. వంతెన మీద నుంచి పోదామన్నారు, పడవే అన్నాను. ఫోను కూడా అడిగి తీసుకుంటాను. ఆయన్ని ఊరికి ఎదురుగా కూర్చోబెట్టి, మీరు కూర్చునే పలక మీద ఊరికి వీపు పెట్టి నేను కూర్చుంటాను. ఊరు నాకు కనపడదు. సూరమ్మకు మీరిచ్చిన మాట నిలుస్తుందో లేదో ఆయన మొహంలోనే చూడాలి.